అమ్రాబాద్‌కు నెలలు నిండినయి

మా నాయిన ఈ లోకంలో చేసిన చివరి మామూలు పని నాకు ఫోన్ చేసి పాత చీరలు అడగడం.

"జయా, మెత్తటి నూలు చీరలు నాలుగుంటే ఇయ్యి బిడ్డా. కొత్తవి గాదు. మస్తుసార్లు ఉతికినవి గావాలె."

"ఎందుకు నాయినా?"

"అమ్రాబాద్‌కు నెలలు నిండినయి. ఇంక పది పదిహేను దినాలే."

మీకు తెలిసిన అమ్రాబాద్ నల్లమల అడవి అంచున ఉన్న ఊరు. మా నాయినకు మాత్రం అది గద్వాలలో మా ఇంటి అరుగు మీద పడుకునే గోధుమరంగు కుక్క. నేనప్పుడు వనపర్తిలో మా కాలేజీ స్టాఫ్‌రూంలో ఉన్నాను. చుట్టూ పదిమంది లెక్చరర్లు. గొంతు తగ్గించి అన్నాను: "నా చీరలు కుక్కల కిందికా? జర ఇజ్జత్ చూస్కో నాయినా."

"సరే బిడ్డా. ఉంటేనే ఇయ్యి. రైట్."

అది మంగళవారం. బతుకమ్మ పండుగ ఇంకో వారం ఉంది. శుక్రవారం పొద్దున ఆయన చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చుని అట్లాగే పోయాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. నా బీరువాలో ఆయన అడిగినటువంటి చీరలు పదకొండు ఉన్నాయని తర్వాత చూసుకున్నాను. నాలుగు ఇవ్వలేకపోయాను. నేనిప్పుడు రాస్తున్నదంతా ఆ నాలుగు చీరల గురించే. కానీ ఆయన గురించి ఏడుస్తూ రాయడం కుదరదు. ఎక్కడ మొదలుపెట్టినా ఏదో ఒక కుక్క అడ్డం వస్తుంది.

మా నాయిన కండక్టర్ హన్మంతుకు ఒకే ఒక్క పిచ్చి. కడుపుతో ఉన్న కుక్క గానీ పిల్లి గానీ కంటపడితే, తొలి కాన్పుకు బిడ్డను తల్లిగారింటికి తోలుకొచ్చినట్టు మా ఇంటికి తోలుకొచ్చేవాడు. ఊరికే తోలుకొస్తే జాలిగుండె మనిషి అనుకుని ఊరుకునేవాళ్లం. ఆయన మర్యాద ప్రకారం తోలుకొచ్చేవాడు. ఆ కుక్క ఏ దుకాణం ముందు పడుకుంటుందో ఆ దుకాణం దానికి అత్తగారిల్లు. ఆ దుకాణదారు ఆయనకు వియ్యంకుడు. అడగకుండా ఎట్లా తీసుకొస్తాడు?

"శేఖరూ, మీ పిల్లను తోల్కపోతున్న. పురుడైనంక మూడో నెల పంపిస్త."

చాయ హోటల్ శేఖర్ పాలగిన్నె మీద నుంచి తల ఎత్తకుండానే అనేవాడు: "తోల్కపో అన్నా. మళ్ళ తేకు."

"గట్లంటవేంది? ఎన్ని దినాలుంటది తల్లిగారింట్ల? నలుగురు ఏమనుకుంటరు?"

మూడో నెల నిండగానే కుక్కను మళ్లీ హోటల్ ముందుకు తీసుకెళ్లి, శేఖర్‌కు అప్పగించి, "జర బక్కగైంది, నాలుగు దినాలు మంచిగ చూస్కో" అని చెప్పి వచ్చేవాడు. మా ఊర్లో ఆడపిల్లలనే అంత పద్ధతిగా పంపినవాళ్లు తక్కువ.

ముప్పై ఏండ్లు ఆర్టీసీ బస్సులో కండక్టర్‌గా చేసినవాడు. రిటైరైనాక ఖాకీ చొక్కా విప్పాడు గానీ బస్సు మాత్రం దిగలేదు. కుక్కలకూ పిల్లులకూ తను తిరిగిన రూట్ల పేర్లే పెట్టాడు. అందుకని మా ఇంట్లో మాటలు కొత్తవాళ్లకు అర్థమయ్యేవి కాదు. "రాయచూరు పొద్దటిసంది ఏం తింటలేదు." "ఐజ మంచం కింద చేరింది." "శ్రీశైలం గోడ దూకింది, దొరుకుతలేదు." ఒకసారి మా అమ్మ బాలమణి నీళ్ల నల్లా దగ్గర "రాయచూరుకు నొప్పులు మొదలైనయంట, నేను పోవాలె" అంటే, కొత్తగా కిరాయికి వచ్చినామె పాపం అక్కడ మాకు చుట్టాలున్నారనుకుని బస్సు టైం కూడా చెప్పింది.

రాయచూరు కాన్పు నేను కళ్లారా చూశాను. ఆదివారం మధ్యాహ్నం. టీవీ వచ్చిన పెద్ద అట్టపెట్టెకు ముందువైపు జానెడు ఎత్తు ఉంచి కోసి, లోపల పాత చీరలు పరిచాడు. గోనెసంచి వేస్తే దారాలు ఊడి పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయట. నూలు చీరే కావాలి. కుక్క వగరుస్తూ, పరుపును కాళ్లతో గీరుతూ లోపలే గుండ్రంగా తిరుగుతోంది. వాడకట్టు పిల్లా పెద్దా గడపలో గుమిగూడారు. నాయిన జేబులోంచి పాత విజిల్ తీశాడు. ఊదలేదు, కుక్క బెదురుతుందని. చూపించాడంతే.

"ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు! ఎనకకు జరుగుండ్రి. జరుగుండ్రి ఎనకకు! తల్లికి గాలి ఆడాలె."

జనం జరిగారు. ముప్పై ఏండ్ల గొంతు మరి. తర్వాత ఆ గొంతే సగానికి తగ్గించి, పెట్టె పక్కన గొంతుక్కూర్చుని, చేతులు మాత్రం మోకాళ్ల మీదే పెట్టుకుని కుక్కతో అన్నాడు: "దిగేటోళ్లు దిగుతరు తల్లీ. తొందరేం లేదు. బండి ఆపే ఉంచిన."

"నువ్వేం చేస్తలేవు గద నాయినా, ఊకె కూసున్నవు" అన్నాను.

"మనం చేసేదేముంటది? అన్నీ దానికే తెల్సు. అర్ధగంటసేపు గట్టిగ ముక్కినా పిల్ల రాకుంటే అప్పుడు మన పని. ఆటోలేసుకొని దవాఖానకు ఉరుకుడే. అందాంక డ్రైవర్ను సతాయించొద్దు."

ఒక్కొక్క పిల్ల వెనుక ఒక మాయ పడాలి. ఆయన లెక్కలో పిల్ల ప్రయాణికుడు, మాయ టికెట్. లెక్క కలవాలి. ఆ రోజు ఐదుగురు దిగారు, నాలుగు టికెట్లే వచ్చాయి.

"కుక్క తిన్నదేమో" అంది అమ్మ.

"మొదటిది తిన్నది, నేను చూసిన. దాన్ని గలుపుకొనే నాలుగు."

"ఒక్కటి తక్కువైతే ఏమైతది?"

"చెకింగోళ్లు ఎక్కినంక తెలుస్తది ఏమైతదో" అని, చీర చుట్టిన రాయచూరునూ ఐదు పిల్లలనూ ఆటోలో వేసుకుని పశువుల దవాఖానకు పోయి, డాక్టర్ ముందు నిలబడి, "ఒక టికెట్ తక్కువున్నది సారూ" అన్నాడట. డాక్టర్ మొదట ఈ మనిషికేదో అయిందనుకున్నాడు. తర్వాత కుక్కను చూసి సూదిమందు ఇచ్చాడు. మిగిలింది పడింది. నాయిన ఇంటికొచ్చి వాకిట్లో నుంచే కేక వేశాడు: "లెక్క కలిసింది. రైట్ రైట్!"

ఇది చదువుతూ మీరు నవ్వుతున్నారని తెలుసు. నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం నాకు తల కొట్టేసినట్టుండేది. బడిలో నన్ను జయశ్రీ అని పిలిచినవాళ్లు లేరు. "కుక్కల మంత్రసాని బిడ్డ" అనేవాళ్లు. మంత్రసానికి బిడ్డగా పుట్టడం తప్పు కాదు. కుక్కలకు మంత్రసాని కావడమూ, ఆ మంత్రసానికి మీసాలుండడమూ మా క్లాసుకు ఎక్కువైంది.

దానికి తోడు థర్మామీటర్ సంగతి. కాన్పుకు ఒక రోజు ముందు కుక్క ఒంటి వేడి తగ్గుతుందట. అది చూసుకోవడానికి ఆయన థర్మామీటర్ వాడేవాడు. కుక్క నోట్లో పెట్టడానికి వీలుండదు కాబట్టి ఎక్కడ పెట్టేవాడో మీరే ఊహించుకోండి. మా ఇంట్లో థర్మామీటర్ ఒకటే అనే సంగతి నాకు తొమ్మిదో తరగతిలో, జ్వరంతో పడుకుని, నోట్లో అది పెట్టుకున్నాక తెలిసింది.

"సబ్బుతోని మూడుసార్లు కడిగిన బిడ్డా" అన్నాడు నాయిన. తర్వాత అది తీసి వెలుతురుకు పట్టి చూసి, నిజంగా ఊరట పడుతూ అన్నాడు: "నూటొక్కటి. కుక్కకైతే ఇది మామూలే. బడికి పోవచ్చు."

నా నిశ్చితార్థం నాడు అలంపూర్ అనే పిల్లి వంతు. నాకోసం అమ్మ దాచిన గద్వాల చీర, నూలు ఒళ్లు, పట్టు అంచు, ఎర్రటి కొంగు, బీరువా కింది అరలో ఉంది. తలుపు ఓరగా ఉంది. నేను తెల్లవారి తలుపు తీసేసరికి అలంపూర్ ఆ ఎర్రటి కొంగు మీద నలుగురు పిల్లలతో పడుకుని, నా వైపు చూసి కళ్లు మూసుకుంది.

"నాయినా! తియ్యి దీన్ని!"

"అమ్మో, కదిలియ్యొద్దు. పిల్లి తావు పిల్లే చూసుకుంటది. ఇప్పుడు మనం ముట్టుకుంటే తల్లి బెదిరి పిల్లలను ఇడిసిపెడ్తది."

"మరి నా చీర?"

"ఏడిండ్లు తిప్పుతది గద బిడ్డా. రెండో ఇంటికి పోయినంక చీర తీసుకుందాం."

మా అమ్మ పాత చీరలో పీటల మీద కూర్చున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. కాబోయే అత్తగారు మెల్లగా, "గద్వాలోళ్లు గద, పిల్లకు గద్వాల చీర కడ్తరనుకున్న" అనగానే నాయిన లేచి నిలబడి జరిగిందంతా చెప్పాడు. ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు పట్టింది అంతా. చివరికి, "నలుగురు దిగిండ్రు వదినా, తల్లీపిల్లలు క్షేమం" అన్నాడు. అత్తగారు చేతిలో లడ్డూ పట్టుకుని ఉన్నారు. మళ్లీ పళ్లెంలో పెట్టేశారు.

ఇంతవరకూ నాకు జరిగినవి చెప్పాను. నేను చేసినది ఇప్పుడు చెప్పాలి.

నాకు ఏడో నెలలో ఒడిబియ్యం పోశారు. తొలి కాన్పు, తల్లిగారింటికి పోవాలి. తోలుకుపోవడానికి నాయిన వనపర్తి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దాని మీద ఒక కుక్క వెంట్రుక ఉంది. మా అత్తగారు దాన్ని చూడడం నేను చూశాను.

"లోపలి అర్ర నీకు సున్నం ఏయించిన బిడ్డా. మక్తల్ గుడ నిండు నెలల్లనే ఉంది. దానికి బయటి అర్ర. ఇద్దరికి ఒక్కపారే అయితది, నాకు అలవాటే."

ఇద్దరికి అన్నాడు. నన్నూ కుక్కనూ కలిపి. అత్తగారింటి హాల్లో. ఆయన ఆ మాట ఎంత గర్వంగా అన్నాడో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు వినపడింది ఒక్కటే.

"నేను రాను. ఈడనే కంట. కుక్కలకు పురుడు పోసిన చేతులు నా బిడ్డను ముట్టొద్దు" అన్నాను.

నాయిన చేతులు చూసుకున్నాడు. ఏదో అంటుకుని ఉందేమోనన్నట్టు తిప్పి చూసుకున్నాడు. తర్వాత, "గట్లనే బిడ్డా. నీకేడ మంచిగుంటే గాడనే. రైట్" అని చెప్పులు వేసుకున్నాడు.

పాప పుట్టిన రోజు దవాఖానకు వచ్చాడు. కిటికీలోంచి చూస్తున్నాను. బయట నల్లా దగ్గర సబ్బుతో మూడుసార్లు మోచేతుల దాకా కడుక్కున్నాడు. లోపలికి వచ్చి, ఆ చేతులు వీపు వెనక కట్టుకుని, వంగి పాపను చూశాడు. "మంచిగ దిగింది" అన్నాడు. ఎత్తుకోలేదు. ఎత్తుకో నాయినా అని నేను అనలేదు. ఆ మాట నాలుక చివర్లోనే ఉంది, పక్కన అత్తగారున్నారు. తర్వాత పాప పాకుతూ పోయి తనంతట తానే ఆయన ఒళ్లో ఎక్కిందాకా, పది నెలలు, ఆయన చేతులు వెనకే ఉన్నాయి. తొమ్మిదేండ్లు అయింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

ఇక అమ్రాబాద్. తొలి ఏకాదశి నాడు నాయిన ఫోన్ చేసి, "కొత్త పిల్ల వచ్చింది, పేరు అమ్రాబాద్, కడుపుతోని ఉంది" అన్నాడు. నాకు పట్టింపు లేక "ఊఁ" అన్నాను. వినాయకచవితికి మావారితో కలిసి గద్వాల పోతే అరుగు మీద చాప, చాప మీద అమ్రాబాద్, పక్కన ఒక పడుచుపిల్ల కూర్చుని ఉన్నారు. కుక్క పొట్ట నేలకు తాకుతోంది.

"ఈమె నిరోష. అమ్రాబాద్‌ను చూస్కునేతందుకు పెట్టుకున్నం" అన్నాడు నాయిన.

"కుక్కకు ఆయమ్మనా?" అన్నారు మావారు. నవ్వాపుకోవడానికి దగ్గారు.

నిరోష లేవబోతే నాయిన, "కూసో, కూసో. నువ్వు లేస్తే అది లేస్తది. దానికి రెస్టు గావాలె" అన్నాడు.

నేను సిగ్గుతో గబగబా లోపలికి పోయాను. కుక్కకు మనిషిని పెట్టిన మా నాయిన గురించి వనపర్తిలో అత్తగారి ముందు మావారు ఎట్లా చెప్తారో ఊహించుకుంటూ ఉండ్రాళ్లు తిన్నాను. ఆ అరుగు మీద నేను కుక్క వైపు సరిగ్గా చూడలేదు. నిరోష వైపు అసలే చూడలేదు.

ఒక్క లెక్క కూడా నాకు తట్టలేదు. "కుక్కకు అరవై మూడు దినాలు, అటిటు రెండు మూడు" అని మా నాయిన నా చిన్నప్పటి నుంచి ఎక్కం చెప్పినట్టు చెప్పేవాడు. తొలి ఏకాదశికే కడుపుతో ఉన్న కుక్కకు బతుకమ్మ ముందు ఇంకా పది పదిహేను దినాలు ఎట్లా ఉంటాయి? పిల్లలకు పద్యంలో గణాలు లెక్కపెట్టడం నేర్పేదాన్ని. ఇది లెక్కపెట్టలేదు.

నాయిన పోయిన తర్వాత ఐదో రోజు నన్ను వనపర్తి పంపించింది అమ్మ. ఆ ఐదు రోజులూ నేను ఆయన ఫోటో ముందు నుంచి లేవలేదు, కుక్కనూ నిరోషనూ పట్టించుకోలేదు. "నీ బిడ్డకు పరీక్షలున్నయి, పదకొండో దినానికి రా" అంది. పదకొండో రోజు పొద్దున నాలుగు చీరలు మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. నా చీరలన్నిటిలో మెత్తనివి. ఎవరికీ చెప్పలేదు. కుక్క ఈనిందో లేదో తెలియదు. ఈనకపోతే నా చేతులతో పరుస్తాను, ఈనితే మార్చి పరుస్తాను అనుకున్నాను. బస్సులో కండక్టర్ "రైట్" అన్నప్పుడు కిటికీ వైపు తిరిగాను.

మా ఇంటి ముందు షామియానా వేశారు. చుట్టాలు ఇస్తరాకుల ముందు కూర్చుంటున్నారు. నేను సంచి పట్టుకుని అరుగు దగ్గరికి పోతుంటే అమ్రాబాద్ కిందికి దిగింది. పొట్ట అట్లాగే ఉంది, ఊగుతోంది. ఇంకా కాలేదన్నమాట, సమయానికి వచ్చాను అనుకున్నాను.

అమ్రాబాద్ షామియానా గుంజ దగ్గరికి నడిచింది. వాసన చూసింది. కాలెత్తింది.

నేను కుక్కల ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. ఏ కుక్క కూర్చుంటుందో, ఏ కుక్క కాలెత్తుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"అమ్మా!" అన్నాను. "అమ్రాబాద్ మొగకుక్క!"

"మెల్లగ మాట్లాడు. పదిమందిల ఒర్రుతవేంది?" అమ్మ నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

లోపలి అర్ర. తొమ్మిదేండ్ల కింద నాకోసం సున్నం వేయించిన అర్ర. మంచం మీద నిరోష, పక్కన ఎర్రగా, పిడికిలంత ముఖంతో రెండు రోజుల పసిపాప. పాపకు చుట్టిన గుడ్డ ఖాకీది. మా నాయిన చొక్కా. ముప్పై ఏండ్లు ఉతికిన ఖాకీ దూదిలా మెత్తబడి ఉంది. జేబు ఇంకా ఉంది.

"మొన్న నొప్పులొస్తే సర్కారు దవాఖానకు నేనే తోల్కపోయిన" అంది అమ్మ. "చావు అంటు ఉన్న ఇంట్ల పురుటాలు ఏందని మీ మేనత్త ఇందాక అడిగింది. ఆయనను అడుగు పోయి, ఆయనే తెచ్చిండు అన్న."

మంచం పట్టె మీద కూర్చున్నాను. అమ్మ చెప్పింది.

నిరోష వాళ్లది తిమ్మాజిపేట దిక్కు పల్లె. వాళ్లమ్మ ఎస్తేరు, నాయిన, పెనిమిటి అందరూ పుణెలో పనికి పోయారు. ఈమె గుంపుతో గద్వాలకు సీడు పత్తి చేలల్లో కూలికి వచ్చింది. పోయినేడు చేన్లోనే ఏడో నెల కడుపు పోయింది. ఈసారి ఆరో నెలలో శేఖర్ హోటల్ ముందు ఆటో కోసం, నడుం పట్టుకుని నేల మీద కూర్చుని ఉంటే నాయిన చూశాడు. మా ఇంటికి రా, కాన్పు దాకా ఉండు అన్నాడు. ఆమె రానంది.

"ఊకె కూసుండి తినుడు నాకు రాదక్కా" అంది నిరోష.

రెండు రోజులు ఆలోచించి నాయిన మళ్లీ పోయాడు. ఈసారి చేతిలో తాడు, తాడుకు ఒక బలిసిన వీధికుక్క. "ఇది కడుపుతోని ఉన్నది. మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు. దీన్ని కనిపెట్టుకొని ఉండేతందుకు మనిషి గావాలె. చేస్తవా?"

పనైతే చేస్తానంది. పని ఇది: కుక్క ఒంటరిగా తినదు, కాబట్టి నిరోష ఒక గుడ్డు తిని దానికొకటి పెట్టాలి. మధ్యాహ్నం అది పండుకోవాలి, పక్కన మనిషి పండుకోకపోతే లేచిపోతుంది. పొద్దున, సాయంత్రం నీడపట్టున మెల్లగా నడిపించాలి. బరువులు మోసే మనిషిని చూస్తే దానికి బెదురు, కాబట్టి నీళ్ల బిందె ముట్టొద్దు. నెలనెలా దాన్ని దవాఖానకు తీసుకుపోవాలి. తోవలోనే మనుషుల దవాఖాన, ఎట్లాగూ వచ్చాం కదా, నువ్వు గుడ చూపిచ్చుకో. పది పదిహేను దినాలని నాయిన నాకు ఫోన్లో చెప్పిన లెక్క డాక్టరమ్మ చెప్పిన లెక్క.

మూడు నెలలు రోజూ గుడ్లు తిని, మధ్యాహ్నాలు నిద్రపోయి అమ్రాబాద్‌కు ఆ పొట్ట వచ్చింది.

"సారు నన్నొకటి అడిగిండక్కా" అంది నిరోష. "పుట్టినంక ఒక్కపారి ఎత్తుకోవచ్చునా, నావి కుక్కలను ముట్టిన చేతులు అన్నడు. ఎత్తుకునుడేంది సారూ, మొదటి నీళ్లు మీరే పొయ్యాలె అన్న. ఆ దినమంత విజిలేసుకుంట తిరిగిండు."

నేను తల ఎత్తలేకపోయాను. సంచిలోంచి చీరలు తీసి మంచం మీద పెట్టాను. అమ్మ వాటిని వేళ్లతో నలిపి చూసి, "ఇవే అన్నడు. గిట్లాంటియే" అంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే సిగ్గుపడ్తవని."

అందులో దెప్పు లేదు. అందుకే తగిలింది. మాట మార్చడానికి నిరోషను అడిగాను: "మరి అది మొగదని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి దినమే." నిరోష నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీ గేటుకే కాలెత్తింది. సారుకు వయసు మీద పడ్డది, కండ్లు కానొస్తలేవేమో అనుకున్న. గంత మనసు పెట్టి దానికి గుడ్లు, దానికి నిద్ర అని చెప్తుంటే, గది మొగది సారూ అని ఎట్ల చెప్పాలె? ఇన్నేండ్లు కాన్పులు చేసిన మనిషి నలుగురిల సిగ్గుపడ్తడని ఊకున్న."

మా అమ్మ పదకొండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. పాప ఉలిక్కిపడేంత గట్టిగా నవ్వి, కళ్లు తుడుచుకుంది.

"నీకు తెల్సిపోయిందని ఆయనకు గుడ తెల్సు, పిల్లా. గేటు కాడ నువ్వు చూసుడు ఆయన చూసిండు. ‘ఊకో బాలా, ఏమనకు, పిల్ల సిగ్గుపడ్తది’ అన్నడు."